నాలుగో పంపు హౌసు వాసన

ఆ పెట్రోకెమికల్ ఫ్యాక్టరీలో ఎవరు ఏ పని చేస్తారో తెలియాలంటే మేనేజర్లు కాగితాలు తిరగెయ్యాలి. సబ్బక్కకు మాత్రం విడిచిన యూనిఫాం చూస్తే చాలు. మోచేతుల దగ్గర నల్లటి గ్రీజుంటే మెకానిక్కు. జేబులో పెన్ను కారి నీలం మచ్చ పడితే కంట్రోలు రూము మనిషి. ఒక్క మరకా లేకుండా, ఇస్త్రీ మడత కూడా నలగకుండా వచ్చిందంటే అది హెల్మెట్ సారుది.

హెల్మెట్ సారంటే కంపెనీ సేఫ్టీ ఆఫీసరు. క్యాంటీన్లో భోజనం చేసేటప్పుడు కూడా ఆయన హెల్మెట్ తియ్యడు. నెత్తిన ఏదో పడుతుందని కాదు, తీస్తే హోదా జారి కింద పడుతుందేమోనని భయమని జనం చాటుగా నవ్వుకునేవారు.

సబ్బక్క పంతొమ్మిదేళ్ళుగా ఆ ఫ్యాక్టరీ లాండ్రీ చూస్తోంది. ఆమె అసలు పేరు హాజరుపట్టీలో తప్ప మరెక్కడా లేదు. కొత్తగా చేరినవాడు మొదటివారం "మేడమ్" అని, రెండోవారానికి "సబ్బక్కా" అనేవాడు. పెద్ద పెద్ద మిషన్లు మూడు, డ్రయ్యర్లు రెండు, గోడ పొడుగునా నంబర్లు వేసిన గళ్ళు, ఇదీ ఆమె రాజ్యం. ప్రతి యూనిఫాం కాలరు లోపల చెరగని సిరాతో ఒక నంబరుండేది. మనుషుల్ని ఆమె ఆ నంబర్లతోనే గుర్తుపెట్టుకునేది.

అందులో నూట పద్నాలుగు ఆమె తమ్ముడిది.

తల్లి పోయేనాటికి వాడికి ఏడేళ్ళు, ఆమెకు పదహారు. అప్పటినుంచి వాడికి అమ్మా నాన్నా అన్నీ ఆమే. తనకంటూ పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే, "ఒకణ్ణి పెంచేసరికే తల ప్రాణం తోకకొచ్చింది, మళ్ళీ ఇంకొకణ్ణి ఎక్కడ పెంచను?" అని నవ్వేసేది. హెల్మెట్ సారు చుట్టూ ఆర్నెల్లు తిరిగి వాణ్ణి నాలుగో పంపు హౌసులో కాంట్రాక్టు ఆపరేటరుగా పెట్టించింది. తనే ముందుండి పెళ్ళి చేసింది. మరదలు మాటకారి కాదుగానీ మనిషి మంచిది. "వదినా, వదినా" అంటూ వెనకే తిరిగేది.

ఆ ఏడు ఎండలు ముదిరే రోజుల్లో సబ్బక్క ఒకటి గమనించింది. నాలుగో పంపు హౌసు నుంచి వచ్చే ఇరవైరెండు యూనిఫాంలకూ కుడి మణికట్టు దగ్గర, మోకాళ్ళ దగ్గర తడి మచ్చలు. చూడ్డానికి నీళ్ళలాగే ఉండేవి. జిడ్డు లేదు, రంగు లేదు. ఉతికితే పోయేవి. కానీ డ్రయ్యరు తలుపు తెరిచేసరికి వేడిగాలితో పాటు ఒక తియ్యటి వాసన గుప్పున ముఖానికి కొట్టేది. మాగిన పండులా ఉండేది, పండు మాత్రం కాదు. సాయంత్రానికి తల దిమ్మెక్కిపోయేది.

"ఏంట్రా మీ బట్టల్లో ఆ వాసన?" అని తమ్ముణ్ణి అడిగింది.

"పంపు సీలు కారుతోందక్కా. కింద బకెట్టు పెట్టాం. నిండినప్పుడల్లా మోకాళ్ళ మీద కూర్చుని తియ్యాలి."

"పైవాళ్ళకి చెప్పారా?"

"షిఫ్టు రిజిస్టరులో రోజూ రాస్తున్నాం. పంపు ఆపితే ఉత్పత్తి ఆగిపోద్దంట. ఫ్యాక్టరీ మొత్తం ఆపే షట్‌డౌనులో మారుస్తామన్నారు."

"షట్‌డౌను ఎప్పుడు?"

"వచ్చే ఏడు."

ఇంకో నెల గడిచింది. వాడు అక్క ఇంటికి వచ్చి, రెండంతస్తుల మెట్లెక్కేసరికి గోడ పట్టుకుని నిలబడిపోయాడు. పళ్ళు తోముకుంటే చిగుళ్ళనుంచి రక్తం వస్తోందని మరదలు చెప్పింది. చేతిమీద నల్లగా కమిలిన మచ్చలు. దేనికి తగిలిందంటే వాడికే తెలియదు.

మర్నాటినుంచి సబ్బక్క ఒక నోటుబుక్కు పెట్టింది. తేదీ, కాలరు నంబరు, తడి ఎక్కడుంది, వాసన ఉందా లేదా. నాలుగు నెలలపాటు ఒక్కరోజూ తప్పకుండా రాసింది.

సరిగ్గా అప్పుడే ఫ్యాక్టరీ గేటుకి పెద్ద బోర్డు వచ్చింది. కరచాలనం చేస్తున్న రెండు చేతుల బొమ్మ, కింద 'భద్రతా భాగస్వామ్యం' అని అక్షరాలు. ప్రభుత్వం, కంపెనీ కలిసి కార్మికుల భద్రత చూసుకుంటాయట. ఇకమీదట ఇన్‌స్పెక్టర్లు చెప్పాపెట్టకుండా వచ్చి తనిఖీలు చెయ్యరు. రెండు పక్షాలవాళ్ళూ ఒక బల్ల దగ్గర కూర్చుని లోపాలు వెతికి సరిచేసుకుంటారు. కార్మికులు ఏం చెప్పినా వింటారు, పేర్లు బయటపెట్టరు. హెల్మెట్ సారు ప్రతి డిపార్టుమెంటుకూ వెళ్ళి ఇదే చెప్పాడు. చాలామంది తలలూపి పనిలోకి వెళ్ళిపోయారు.

తర్వాతి వారం ప్రభుత్వ ఇన్‌స్పెక్టరు మేడం లాండ్రీకే వచ్చింది. అంత పెద్ద మనిషి ఆ గడప తొక్కడం సబ్బక్క ఎరగదు. ఆవిడ ప్లాస్టిక్ స్టూలు లాక్కుని కూర్చుంది. ఇచ్చిన టీ తాగింది. విడిచిన బట్టల కుప్పలోంచి ఒక చొక్కా తీసి, మొహం చిట్లించకుండా వాసన చూసింది. దాంతో సబ్బక్క మనసు సగం కరిగిపోయింది.

"ఎన్నాళ్ళ నుంచి ఉందక్కా ఇది?" అంది మేడం.

సబ్బక్క నోటుబుక్కు తీసి ఇచ్చింది. మేడం ఒక్కో పేజీ తిప్పుతూ చివరిదాకా చదివింది.

"ఇంత పకడ్బందీగా మా డిపార్టుమెంటువాళ్ళు కూడా రాయరు. ఇది నాకివ్వగలరా? కాపీ తీసి పంపించేస్తాను."

"నా పేరు బయటికి రాదు కదా మేడం? తమ్ముడు అక్కడే పని చేస్తున్నాడు."

"నా మీద నమ్మకం లేదా? నేనూ ఒక తమ్ముడున్న అక్కనే." లేవబోతూ మళ్ళీ అడిగింది. "అన్నట్టు, ఉతకడానికి సబ్బు కాకుండా ఇంకేమైనా వాడతారా?"

"సబ్బుపొడే మేడం. పెయింటు మరకలు వస్తే మాత్రం కొంచెం థిన్నరు. స్టోరువాళ్ళే డబ్బా ఇస్తారు. నెలకి ఒకటో రెండో చొక్కాలు, అంతే."

మేడం ఆ మాట కూడా రాసుకుంది.

ఆ సాయంత్రం సబ్బక్క తమ్ముడింటికి వెళ్ళి జరిగింది చెప్పింది. "ఇంక భయం లేదురా. ఆవిడ పట్టించుకునే మనిషి" అంది. తమ్ముడు తలెత్తలేదు. "ఎందుకక్కా, గాలికి పోయే కంపని ఒంటికి తగిలించుకోడం?" అన్నాడు. వాడి భయం ఆమెకు కొత్త కాదు. చిన్నప్పుడూ బడిలో ఎవరైనా కొడితే ఆమె వెళ్ళి అడిగేది, వాడు ఆమె వెనక నిలబడేవాడు.

మూడు వారాలు గడిచాయి. బట్టల్లో తడీ వాసనా తగ్గాయి, నోటుబుక్కు మాత్రం తిరిగి రాలేదు. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం అందర్నీ ట్రైనింగు హాలుకి రమ్మన్నారు. భాగస్వామ్యం తరఫున మొదటి నివేదిక చదువుతారట. సబ్బక్క చేతులు తుడుచుకుని, నలగని చీర కట్టుకుని వెళ్ళి మూడో వరుసలో కూర్చుంది. వేదిక మీద మేడం, ప్లాంటు మేనేజరు పక్కపక్కన కూర్చున్నారు. హెల్మెట్ సారు మైకు ముందు నిలబడ్డాడు. మెట్ల రెయిలింగులు బాగు చేసిన సంగతి, అగ్నిమాపక గొట్టాలు కొత్తవి తెప్పించిన సంగతి చదివి, గొంతు సవరించుకున్నాడు.

"నాలుగో పంపు హౌసులో వాసన వస్తోందని మన లాండ్రీ ఇన్‌ఛార్జి ఫిర్యాదు చేశారు. ఉభయ పక్షాలూ కలిసి విచారణ జరిపాయి. పంపు దగ్గర ఎలాంటి లీకూ కనిపించలేదు. లాండ్రీలో నిబంధనలకు విరుద్ధంగా థిన్నరు వాడుతున్నట్టు ఫిర్యాదుదారే స్వయంగా ఒప్పుకున్నారు. బట్టలకు పట్టిన వాసన దాని వల్లే."

సబ్బక్కకు ముందు ఆ మాటలు అర్థం కాలేదు. వేరే ఎవరి గురించో చదువుతున్నారనుకుంది. మేడం వైపు చూసింది. మేడం బల్లమీద కాగితాలు సర్దుకుంటోంది.

"ఈ విషయాన్ని నాలుగో పంపు హౌసు ఆపరేటరు, ఫిర్యాదుదారు సొంత తమ్ముడే లిఖితపూర్వకంగా ధ్రువీకరించారు." హెల్మెట్ సారు కాగితం తిప్పాడు. "'పంపు దగ్గర నాకు ఏ వాసనా రాలేదు. మా అక్క మరకలు తియ్యడానికి థిన్నరు వాడుతుంది. అది నేను కళ్ళారా చూశాను. ఆమెకు నామీద ఉన్న ప్రేమ వల్ల లేనిపోనివి ఊహించుకుంటుంది.' ఇదీ ఆయన సంతకం."

హాలులో వందమంది ఒక్కసారి ఆమె వైపు తిరిగారు. అందరి కాలరు నంబర్లూ ఆమెకు తెలుసు. నూట పద్నాలుగు మాత్రం అక్కడ లేడు. ఆ రోజు సెలవు పెట్టాడు.

పక్కన కూర్చున్న క్యాంటీను వంటమనిషి ఆమె చెయ్యి పట్టుకుని, "కంచే చేను మేసిందే తల్లీ" అంది. సబ్బక్క చెయ్యి విడిపించుకుని లేచింది. గేటు దాటి నేరుగా తమ్ముడింటికి నడిచింది.

వాడు మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆమె రావడం చూసి లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు.

"చదివారా?" అన్నాడు.

"చదివారు. బాగా రాశావురా. 'లేనిపోనివి ఊహించుకుంటుంది.' ఆ మాట నీదేనా, వాళ్ళు చెప్పారా?"

తమ్ముడు దుప్పటి అంచు లాగి సర్దాడు. "హెల్మెట్ సారు టైపు చేయించి తెచ్చాడు. పర్మనెంటు చేస్తామన్నారక్కా. ఎనిమిదేళ్ళ నుంచి కాంట్రాక్టులోనే ఉన్నాను. సంతకం పెట్టకపోతే ఇద్దరం పోతామన్నారు. పెడితే నీకేం కాదన్నారు. ఊరికే ఒక హెచ్చరిక ఇచ్చి వదిలేస్తామన్నారు."

"నువ్వు నమ్మావు."

"నువ్వు ఆ మేడమ్మని నమ్మలేదా?"

ఆ మాట సబ్బక్కకు సూటిగా తగిలింది. "నమ్మాను. ఆవిడెవరో నాకు తెలీదు, అందుకని నమ్మాను. నీ సంగతి అలా కాదు కదరా. నీకు జ్వరమొస్తే రాత్రంతా తడిగుడ్డ వేసింది నేను. ఆ తడిగుడ్డతోనే నా గొంతు కోశావు."

లోపలినుంచి మరదలు వచ్చి నిలబడింది. ఆ అమ్మాయి ముఖం చూస్తే ఈ సంతకం సంగతి ఆమెకూ ఇప్పుడే తెలిసినట్టుంది. "వదినా, కూర్చో వదినా" అంది. సబ్బక్క కూర్చోలేదు.

మర్నాడు హెల్మెట్ సారు ఆమె ముందు ఒక కాగితం పెట్టాడు. థిన్నరు వాడడం తన పొరపాటేనని ఒప్పుకుంటే క్యాంటీన్లో గిన్నెలు తోమే పని ఇస్తారు. లాండ్రీ ఎలాగూ మూసేస్తున్నారు, బట్టలు బయటి కంపెనీకి సంచుల్లో పంపేస్తారు. "నీ మంచికే చెబుతున్నా. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది" అన్నాడు.

"ఆ డబ్బా స్టోరు నుంచి వచ్చేది సార్. దాని రసీదు మీద మీ సంతకమే ఉండేది" అంది సబ్బక్క. కాగితం మీద సంతకం పెట్టలేదు. తన తువ్వాలు, టీ గ్లాసు సంచిలో వేసుకుని బయటికొచ్చేసింది. పంతొమ్మిదేళ్ళకి ఆమె మోసుకొచ్చిన సామాను అంతే.

అదే వారం ఆమె ఇన్‌స్పెక్టరు ఆఫీసుకు వెళ్ళింది. రెండు గంటలు బెంచీ మీద కూర్చోబెట్టాక మేడం లోపలికి పిలిచింది. ఈసారి టీ మేడమే తెప్పించింది. సబ్బక్క ముట్టుకోలేదు.

"నా నోటుబుక్కు ఇవ్వండి మేడం."

"అది ఇప్పుడు ఫైల్లో భాగమక్కా. ఇవ్వడానికి రూలు ఒప్పుకోదు." మేడం గొంతు తగ్గించింది. "నన్ను తిట్టుకుంటున్నారని తెలుసు. కానీ ఒక్క మాట వినండి. మీరు చెప్పిన మూడోరోజే ఆ పంపు సీలు మార్పించాను. బలవంతంగా నోటీసులిస్తే రెండేళ్ళు కోర్టుల చుట్టూ తిప్పేవాళ్ళు. మంచిగా మాట్లాడితే మూడు రోజుల్లో పని అయింది. లీకు ఆగాలనేగా మీరు కోరుకున్నది? ఆగింది."

"ఆగిందంటే, అంతకుముందు ఉన్నట్టేగా?"

మేడం లేచి గది తలుపు దగ్గరగా వేసింది.

"ఆ ముక్క కాగితం మీద రాయండి. నా ఉద్యోగం ఇమ్మని అడగను. లీకు ఉండేదని రాస్తే చాలు."

"అలా రాస్తే ఆ ఇరవైరెండు మందికీ కంపెనీ రక్తపరీక్షలు చేయించాలి, వైద్యం చూడాలి. వాళ్ళు భాగస్వామ్యం నుంచే తప్పుకుంటారు. ఇది మా శాఖలో మొదటి ఒప్పందమక్కా. పైవాళ్ళు…" అని ఆగిపోయింది.

అప్పటికిగాని సబ్బక్కకు అసలు సంగతి పూర్తిగా బోధపడలేదు. పంపు బాగయింది, మనుషుల్ని వదిలేశారు. కాగితంలో లీకే లేదు గనక ఆ గాలి పీల్చినవాళ్ళు కూడా లేరు.

నోటుబుక్కు పోయినా ఇరవైరెండు నంబర్లూ ఆమెకు కంఠతా వచ్చు. ఏ నంబరు ఏ వీధిలో ఉంటాడో కనుక్కుంటూ ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టింది. మగవాళ్ళతో మాట్లాడలేదు, వాళ్ళు ఉద్యోగం కాపాడుకోవాలి. భార్యలతో, తల్లులతో మాట్లాడింది. "ప్రభుత్వాసుపత్రిలో రక్తపరీక్ష చేయించు తల్లీ. ఎందుకని అడిగితే నీరసంగా ఉంటున్నాడని చెప్పు" అనేది. కొందరు తలుపు వేసేశారు. "థిన్నరు తాగినట్టుంది" అని ఒకావిడ ఆమె వినేలాగే అంది. పదకొండు మంది వెళ్ళారు. ఏడుగురికి రక్తంలో తెల్లకణాలు ఉండాల్సినదానికంటే తక్కువ ఉన్నాయని వచ్చింది.

తమ్ముడింటికి మాత్రం వెళ్ళలేదు. వాడు పర్మనెంటయ్యాడని, కంపెనీ క్వార్టరుకి మారాడని జనం చెప్పుకుంటే విన్నది. ఆమెకు ఊళ్ళో ఒక హోటల్లో దుప్పట్లు ఉతికే పని దొరికింది. అక్కడివాళ్ళు ఆమెను అసలు పేరుతో పిలిచేవారు. పిలిచిన ప్రతిసారీ ఎవర్నో పిలుస్తున్నారనుకుని ఒక్క క్షణం ఆలస్యంగా తలెత్తేది.

నాలుగు నెలల తర్వాత ఒక ఉదయం హోటలు వెనక గుమ్మంలో మరదలు కనిపించింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"కొత్త సీలు కూడా కారుతోంది వదినా. బకెట్టు మళ్ళీ పెట్టారు. ఆయన స్నానాలగదిలో పడిపోయారు. నిన్న ఆసుపత్రికి తీసుకెళ్ళాను." రిపోర్టు కాగితం ఆమె చేతిలో పెట్టింది. "ఆ గాలికి దూరంగా ఉంటే తేరుకుంటాడు, ఉండకపోతే హామీ ఇవ్వలేనన్నాడు డాక్టరు. వేరే చోటికి మార్చమని ఈయన హెల్మెట్ సారుని అడిగారు. ఆయన సొరుగులోంచి ఆ సంతకం కాగితం తీసి చూపించారంట. 'ఏ వాసనా రాలేదని నువ్వే రాశావు కదా' అన్నారంట."

సబ్బక్క రిపోర్టు మడత విప్పి చూసింది. ఆ అంకెలు ఆమెకు అర్థమవుతాయి, అప్పటికి అలాంటివి ఏడు చూసింది. వాటన్నిటికంటే ఇందులో తెల్లకణాలు తక్కువ. మంచి శాస్తి జరిగిందని ఒక్క క్షణం అనిపించింది. అనిపించినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

"ఆయన వస్తానన్నారు. గుమ్మం దాటలేకపోయారు" అంది మరదలు. "నీ మొహం చూసే ధైర్యం ఆయనకి లేదు వదినా."

"ఏడుగురి రిపోర్టులు నా దగ్గరున్నాయి. ఇది ఎనిమిదోది. అందరూ సంతకాలు పెట్టి అర్జీ ఇస్తే, ప్రభుత్వ డాక్టరు రాసిన కాగితాన్ని కాదనడం అంత తేలిక కాదు. మీ ఆయన్ని కూడా పెట్టమను. ముందు పెట్టింది అబద్ధమని కింద రాసి మరీ పెట్టాలి. అది లేకపోతే ఇది చెల్లదు."

"రాస్తే పర్మనెంటు పోదా?"

"పోవచ్చు" అంది సబ్బక్క.

వాడు రాశాడు. అర్జీ అడుగున, అందరికంటే చివర రాశాడు. మేడం ఆ అర్జీ చేత్తో తీసుకోలేదు, గుమాస్తాతో ముద్ర వేయించింది. నెల రోజులు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత ప్రభుత్వ డాక్టరు నేరుగా పైఅధికారులకు రాయడంతో కదలిక వచ్చింది. ఎనిమిదిమందినీ పంపు హౌసు నుంచి గేటు దగ్గర తూకం పనికి మార్చారు. పాత పంపు తీసేసి కొత్తది పెట్టారు. ఉద్యోగం ఎవరిదీ పోలేదు. 'సాధారణ ఆరోగ్య కారణాల రీత్యా బదిలీ' అని రాశారు, అంతే. లీకు మాట ఎక్కడా లేదు. మొదటి నివేదిక అలాగే ఉంది. అందులో ఇప్పటికీ తప్పు లాండ్రీ ఆమెదే. భాగస్వామ్యానికి ఏడాది నిండేసరికి పెద్ద ప్రశంసాపత్రం వచ్చిందని, మేడానికి పదోన్నతి దొరికిందని క్యాంటీను వంటమనిషి వచ్చి చెప్పింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం తమ్ముడూ మరదలూ సబ్బక్క గదికి వచ్చారు. మెట్ల మీద వాడు రెండుసార్లు ఆగాడు. ఆ చప్పుడు ఆమెకు లోపలికి వినిపిస్తూనే ఉంది. చెప్పులు విడిచి గుమ్మంలోనే నిలబడిపోయాడు. బాగా చిక్కిపోయాడు.

"అక్కా, తిట్టు. పోనీ కొట్టు. ఏదో ఒకటి అను."

సబ్బక్క కంచాలు కడుగుతోంది. తిరిగి చూడలేదు. మూడు కంచాలు తుడిచి నేలమీద పెట్టింది, అన్నం గిన్నె తెచ్చి మధ్యలో పెట్టింది. అప్పుడు మరదలి వైపు తిరిగింది.

"వాడి మందులు తిండికి ముందా, తిన్నాకా?"

"తిన్నాక వదినా."

"అయితే ముందు తినమను."